కొసరుకు తూకం ఉందా?

అఫ్జల్‌గంజ్ నుంచి ఉస్మాన్‌గంజ్ వైపు నడిస్తే దారి పొడుగునా కిరాణా దుకాణాలే. ఎండుమిర్చి ఘాటుకు ముక్కు మూసుకున్నారంటే వాళ్లు ఈ బజారుకు కొత్త అన్నమాట. కిలో కందిపప్పు తూకం వేయించుకున్న పెద్దావిడ సంచి మూతి ముడవకుండా అలాగే పట్టుకుని నిలబడుతుంది. "జర కొసరెయ్యి కొడుకా!" కాటా మీద కిలో పడ్డాక కూడా దుకాణం కుర్రాడు ఇంకాస్త తీసి పైన వేస్తాడు. ఎలక్ట్రానిక్ కాటా దాన్నీ వదిలిపెట్టదు. 1.018 అని ఎర్రటి అంకెలు మెరుస్తాయి. డబ్బు మాత్రం కిలోకే తీసుకుంటాడు.

సోలలతో, మానికలతో కొలిచిన కాలంలో కొసరు కొలతకు బయటి వస్తువు. ఇప్పుడు అది 18 గ్రాములని తెలిసిపోతోంది. ఎందుకు వేశాడన్నది మాత్రం కాటా చెప్పదు. ముసలామె మీద జాలిపడ్డాడా, మళ్లీ ఇక్కడికే వస్తుందని లెక్క వేసుకున్నాడా, తండ్రి వేసేవాడు కాబట్టి తనకూ చేతికి అబ్బిందా? దయను కొలవగలమా, అసలది ఎక్కడ పుడుతుంది అని అడిగే శాస్త్రాలన్నీ తిరిగి తిరిగి ఈ 18 గ్రాముల దగ్గరే ఆగుతున్నాయి.

ఈ ప్రశ్న వేసుకోవడానికి అఫ్జల్‌గంజ్‌ను మించిన చోటు నాకు తోచదు. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన స్థలంలో లేచిన బజారు ఇది. పేరు కూడా ఆయనదే. అంటే పుట్టుకే తూకాల మీద. నాలుగడుగులు వేస్తే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. అక్కడికి వచ్చేవాళ్లు తమతో తెచ్చుకునేది ఒక చాప, ఒక స్టీలు క్యారియరు, ఎవరో ఒకరు పలకరించకపోతారా అన్న ఆశ.

మాట దగ్గర మొదలుపెడదాం. ఇంకొకరి బాధ చూస్తే తెలుగువాడికి తల తిరగదు, కడుపు తరుక్కుపోతుంది. పేగు కదులుతుంది. గుండె అయితే కరగాలి, లేదా చెమ్మగిల్లాలి. ఈ బజారులో తెలుగుతో సమానంగా వినిపించే ఉర్దూలో దయను రహం అంటారు. అరబ్బీలో ఆ మాటదీ, గర్భసంచి అనే మాటదీ ఒకే ధాతువు. భాషలు కట్టుకున్నవాళ్లకు మెదడు స్కానింగులు తెలియవు. అయినా దయకు చిరునామా అడిగితే కడుపు వైపే వేలు చూపించారు. ఇవాళ్టి జీవశాస్త్రంలో బలంగా నిలబడ్డ వాదం కూడా దీనికి దగ్గరదే. పిల్లను సాకక తప్పని జంతువుల్లో, ఆ పిల్ల ఏడుపుకు తల్లి ఒళ్లు స్పందించే ఏర్పాటు ముందు పుట్టింది. తర్వాత అదే ఏర్పాటు పక్కవాళ్ల ఏడుపుకూ పనిచేయడం మొదలుపెట్టింది. సాటివారి పట్ల సానుభూతి ఎక్కువగా ఉన్న గుంపులే నిలబడి సంతానాన్ని పెంచుకుంటాయని డార్విన్ 1871లోనే రాశాడు. బలవంతుడిదే రాజ్యం అన్నాడని ఆయన పేరు చెప్పి వాదించేవాళ్లు ఆ పుస్తకం దాకా వెళ్లినట్టు కనిపించదు.

బౌద్ధులు ఇంకో దారి పట్టారు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటికీ కలిపి వాళ్లు పెట్టిన పేరు అప్రమాణాలు. కొలతకు అందనివి అని. అమరావతి, నాగార్జునకొండల నేల మీద శతాబ్దాల పాటు పలికిన మాట అది. ఎందుకు అందవు? చాలా గొప్పవి కనుక అని కాదు, వీళ్లకు ఇంత, వాళ్లకు అంత అని హద్దు గీసిన క్షణంలో అవి వేరే వస్తువులు అయిపోతాయి కనుక. కొలత మీద వచ్చిన అభ్యంతరాల్లో నాకు ఇదే గట్టిదిగా తోస్తుంది. ఇప్పుడు దీన్ని నీటిలో వేసి చూద్దాం.

1908 సెప్టెంబర్ 28, మూసీ వరద. అంకెలు ముందు. మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. చనిపోయినవాళ్లు 15,000 మంది అన్న లెక్క ప్రచారంలో ఉంది. సుమారు 80,000 మందికి గూడు లేకుండా పోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి ముందు ఇక్కడే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వాననూ, ప్రవాహాన్నీ, చెరువుల్నీ కొలిచి లెక్క కట్టాడు. ఆ లెక్కల నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. కొలత అంటే మొహం చిట్లించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన రాసింది దయ గురించి కాదు, క్యూసెక్కుల గురించి. కానీ ఆ కాగితాలు కాపాడినన్ని ప్రాణాలు కన్నీళ్లు కాపాడి ఉండవు.

ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరద రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఇప్పటికీ ఏటా సెప్టెంబర్ 28న కొందరు నగరవాసులు ఆ చెట్టు కింద చేరి తలుచుకుంటారు. 150 అన్న అంకె నన్ను ఎప్పుడూ పక్కదారి పట్టిస్తుంది. చెట్టు మీద అంతమంది నిలిచారంటే, ముందు ఎక్కినవాళ్లు తర్వాత వచ్చినవాళ్ల కోసం పక్కకు జరిగి ఉండాలి. కొమ్మ విరుగుతుందేమో అన్న భయంతోనే జరిగి ఉండాలి. ఆ జరగడాన్ని కొలిచే సాధనం ఏది? బౌద్ధుల మాట అక్కడ నిజమే అనిపిస్తుంది.

ఆ వరదలోనే ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. ఆయన మాత్రం బయటపడి 1961 దాకా జీవించాడు. ఇప్పుడు నిజం చెప్పండి. 15,000 అని చదివినప్పుడు ఎక్కువ కదిలారా, ఈ ముగ్గురి దగ్గరా?

దీన్ని నిజంగానే కొలిచారు. 2007లో అమెరికాలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి ఆఫ్రికాలో లక్షల మంది ఆకలి గణాంకాలు ఇచ్చి విరాళం అడిగారు. కొందరికి రోకియా అనే ఏడేళ్ల పిల్ల కథ, ఫొటో ఇచ్చారు. పిల్లకు వచ్చిన డబ్బు గణాంకాలకు వచ్చినదానికి రెట్టింపు. అసలు విడ్డూరం మూడో గుంపులో ఉంది. పిల్ల కథా, గణాంకాలూ రెండూ కలిపి ఇస్తే విరాళం తగ్గింది. కథకు లెక్క తోడవగానే జాలి చల్లారింది. అంటే మన కాటా ఒక్క మనిషి దాకా బాగానే పనిచేస్తుంది, బస్తా వేస్తే అంకె కదలదు. ఆసుపత్రి ఖర్చుల కోసం ఫోన్లకు వచ్చే విజ్ఞప్తులన్నిటిలో ఒక్క పసిమొహమే ఎందుకు ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మనుషుల్ని కూర్చోబెట్టి అడిగే పద్ధతి. ప్రశ్నపత్రాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వైద్యరంగంలో బాగా వాడేది జెఫర్‌సన్ సహానుభూతి కొలబద్ద. 20 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. మొత్తం 140కి. అందులో నాకు కనిపించే లోపం చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నువ్వు దయగలవాడివా అని అడిగితే కాదని రాసేవాడెవడు? రాశాడంటే అతనే అందరికన్నా నిజాయితీపరుడు కావచ్చు. అయినా ఈ కొలబద్ద ఒక పనికొచ్చే సంగతి బయటపెట్టింది. అది పుట్టిన కళాశాలలోనే విద్యార్థులను ఏటేటా కొలుస్తూ పోతే, మూడో ఏడాదిలో మార్కులు పడిపోయాయి. అంటే పుస్తకాలు వదిలి వార్డులోకి అడుగుపెట్టి, నిజంగా రోగి చెయ్యి పట్టుకోవడం మొదలైన ఏడాదిలోనే. ఒక మనిషిలో దయ ఎంతుందో ఆ 20 ప్రశ్నలు చెప్పకపోవచ్చు. ఒక చోటు మనుషులకు ఏం చేస్తోందో మాత్రం చెప్పగలిగాయి. మన దేశంలో 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నీతి, సంభాషణలకు విడిగా పాఠాలు పెట్టారు. మంచిదే. కానీ తరగతిలో నేర్పిన దాన్ని రాత్రి డ్యూటీ చెరిపేస్తే తప్పు పాఠానిదా?

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు 1973 నాటిది. ప్రిన్‌స్టన్‌లో మతబోధకులు కాబోయే 40 మంది విద్యార్థులను జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ఒక భవనం నుంచి మరో భవనానికి ఉపన్యాసం ఇవ్వడానికి పంపారు. కొందరి ఉపన్యాస విషయం, దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి ఆదుకున్న సమరయుడి కథే. మధ్య దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉన్నాడు. తీరిగ్గా బయల్దేరినవాళ్లలో 63 శాతం ఆగారు. ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో ఆగింది 10 శాతం. ఏ కథ చెప్పబోతున్నారు, ఏ రకం భక్తి కలవారు అన్నది ఆగడానికీ ఆగకపోవడానికీ చెప్పుకోదగ్గ తేడా తేలేదు. గడియారం తెచ్చింది.

చిన్న ప్రయోగం, 40 మందే. అయినా అఫ్జల్‌గంజ్ బస్టాపు దగ్గర పొద్దున తొమ్మిదింటికి నిలబడ్డవాళ్లెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. అక్కడ ఎవరైనా కూలబడితే, ఇరవై మంది దాటిపోయాక ఆగినవాడు ఎవరా అని చూస్తే, చాయ్ తాగుతూ పనేమీ లేకుండా నిలబడ్డవాడు. అతను ఆ ఇరవై మందికన్నా మంచివాడని నేను అనుకోను. అతనికి తీరిక ఉంది.

అయితే దయంతా తీరికేనా? కాదు. 2011లో చికాగోలో ఇన్‌బల్ బెన్-ఆమి బార్టల్, జీన్ డెసెటీ, పెగీ మేసన్ ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో బంధించి, దాని జతను బయట వదిలారు. బయటి ఎలుకకు తలుపు తీయడం ఎవరూ నేర్పలేదు. 30లో 23 ఎలుకలు కుస్తీపట్టి నేర్చుకుని విడిపించాయి. పక్కనే చాక్లెట్ ముక్కలు పెడితే, వాటన్నిటినీ ముందే తినేసే వీలున్నా, విడిపించి మరీ జతకు కొన్ని మిగిల్చాయి. మూడేళ్ల తర్వాత చేసిన ప్రయోగం ఇంకా ముఖ్యం. తెల్ల ఎలుకలు తమ రంగు జాతిలో అపరిచితులను కూడా విడిపించాయి, వేరే జాతి అపరిచితులను విడిపించలేదు. ఆ వేరే జాతి ఎలుకతో కొన్నాళ్లు కలిసి బతికినవి మాత్రం దాని జాతిలో ముక్కూమొహం తెలియనివాటినీ విడిపించాయి. పుట్టినప్పటి నుంచీ పరాయి జాతి మధ్య పెరిగినవి తమ సొంత జాతినే పట్టించుకోలేదు. అంటే దయ అనే ఉప్పు పుట్టుకతో వస్తుంది, ఏ కూరలో వేయాలో మాత్రం ఇరుగుపొరుగు నేర్పుతుంది. నగరాల్లో ఎవరి కాలనీ వాళ్లది అయిపోతున్నప్పుడు ఏం జరుగుతుందన్నదానికి ఇంతకన్నా ప్రయోగం అక్కర్లేదనుకుంటాను.

ఎలుకల మాట వచ్చింది కనుక, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి మీద ఒక పాత బాకీ ఉంది. 1888, 1889ల్లో ప్రపంచ వైద్యులంతా ఇటు చూశారు. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఇక్కడ క్లోరోఫారం మీద రెండు కమిషన్లు నడిపాడు. రెండోదానికి నిజాం డబ్బిస్తే, లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. కోతకు గురయ్యే మనిషికి నొప్పి తెలియకూడదు, మత్తు వల్ల ప్రాణం పోకూడదు, అదీ తపన. అంతకన్నా దయగల ప్రశ్న ఉంటుందా? జవాబు కోసం వందల కొద్దీ కుక్కలు, కోతులు మత్తులో చచ్చిపోయాయి. ఊపిరి చూసుకుంటూ ఉంటే చాలు, గుండెకు నేరుగా ప్రమాదం లేదని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ అది తప్పని చూపించాడు. తేలికపాటి మత్తులో గుండె గతి తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదు. అన్ని వందల కొలతల తర్వాత కూడా తప్పు తేల్చడాన్ని నేను ఎగతాళి చేయను. కాకపోతే మనుషుల మీది దయకు కట్టిన ఖరీదు ఎవరి చేత కట్టించారన్నది కూడా ఆ ఖాతాలో ఉండాలి. అది రాసినట్టు కనిపించదు.

నొప్పి తగ్గించేవాళ్ల నొప్పి ఇంకో ఖాతా. మెదడు శాస్త్రవేత్త తానియా సింగర్ 2004లో జంటల్లోని స్త్రీలను స్కానింగు యంత్రంలో పెట్టి, పక్కనున్న భాగస్వామికి తగిలిన షాకుకు వాళ్ల మెదడులోనూ నొప్పి భాగాలు కొన్ని వెలుగుతాయని చూపింది. జనం ఇక్కడితో ఆగి, ఇదే దయ అనుకున్నారు. తర్వాత ఆమె, ఓల్గా క్లిమెకీ కలిసి ఇంకాస్త ముందుకు వెళ్లారు. పరాయి నొప్పిని పంచుకోవడం సాధన చేసినవాళ్లు కుంగిపోయారు. అవతలివాళ్ల క్షేమం కోరడం సాధన చేసినవాళ్లలో వెలిగిన భాగాలు వేరు, వాళ్లు నిలదొక్కుకున్నారు. అయిదో శతాబ్దంలో బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు కరుణకు దగ్గరి శత్రువు శోకం అని ఊరికే రాయలేదు. రోజుకు ఎన్ని మంచాలు చూడాలో తెలిసిన నర్సమ్మ "ఏడుస్తూ కూర్చుంటే సెలైన్ ఎవరెక్కిస్తారమ్మా?" అంటే, మనం ఆమెను రాతిగుండె అంటాం. తప్పు కొలబద్ద పట్టుకున్నది మనమే.

నాంపల్లి వైపు వస్తే రెండు ఉదాహరణలు ఎదురెదురుగా నిలబడతాయి. ఏటా మృగశిర కార్తెకు ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి ఉబ్బసం రోగులతో మింగిస్తుంది. 1845 నుంచీ ఉచితంగా ఇస్తున్నామని వాళ్ల మాట. రాష్ట్రాలు దాటి వచ్చి వేల మంది వరసలో నిలబడతారు, దారిలో ఎవరెవరో మంచినీళ్లు, పులిహోర పంచుతారు. హేతువాదుల అభ్యంతరాల మధ్య 'చేప మందు' కాస్తా 'చేప ప్రసాదం' అయింది. ఉబ్బసం దానితో నయమవుతుందన్న వైద్య రుజువు లేదు. తరాల తరబడి పైసా తీసుకోకపోవడం మాత్రం చిన్న సంగతి కాదు. మనసుతో తూస్తే ఒక బరువు, ఫలితంతో తూస్తే ఇంకో బరువు. రెండు కాటాలూ ఒకేసారి నిజం చెప్పగలవు. ఇన్‌హేలర్ మానేసి వచ్చిన రోగి విషయంలో మాత్రం నేను రెండో కాటానే నమ్ముతాను.

దానికి దగ్గర్లోనే నాంపల్లి సరాయి. 2014లో అయిదు రూపాయల భోజనం అక్కడ మొదలైంది. ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లంటున్నారు. పథకం పెట్టినప్పుడు పళ్లెం కొలత ఇది: అన్నం 400 గ్రాములు, సాంబారు 120, కూర 100, పచ్చడి 15. దయను గ్రాముల్లో రాసిన పత్రం చూడాలంటే ఇదే. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు ఏనాడూ గ్రాములు రాసుకున్నట్టు వినలేదు. 1909లో పోయారు, ఇంకా తలుచుకుంటున్నాం. కానీ సీతమ్మగారికి జ్వరం వస్తే? గ్రాముల పళ్లానికి జ్వరం రాదు. రాసి పెట్టుకున్న దయలో ఆప్యాయత తక్కువ కావచ్చు, రేపు కూడా ఉంటుందన్న భరోసా ఎక్కువ. ఆకలి మీదున్నవాడికి ఏది ముందు కావాలో మనం తేల్చనక్కర్లేదు.

నాంపల్లిలోనే సరోజినీ నాయుడు నివాసం గోల్డెన్ థ్రెషోల్డ్. మూసీ వరద బాధితుల సేవకు ఆమెకు బ్రిటిష్ ప్రభుత్వం 1911లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. సర్కారు దయను కొలిచే పాత సాధనం పతకమే. జలియన్‌వాలా బాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేశారు. కొలిచినవాడి చేతులు ఎలాంటివో కూడా చూడాలని ఆమెకు తెలుసు.

ఇక ఈ కాలపు అంకె ఒకటి. రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్ లెక్కల ప్రకారం 2024లో తెలంగాణలో 188 మంది మరణానంతర అవయవదాతలు. పది లక్షల జనాభాకు 4.88. అప్పటి దేశ సగటు 0.8 దగ్గర. అంటే తెలంగాణవాళ్లకు దయ ఆరు రెట్లు ఎక్కువా? పొంగిపోవడానికి బాగుంటుంది గానీ కాదు. బ్రెయిన్ డెడ్ అని సమయానికి నిర్ధారించే వైద్యులు, ఏడుస్తున్న కుటుంబం పక్కన కూర్చుని మాట్లాడటానికి శిక్షణ పొందిన సమన్వయకర్తలు, ఎవరికి ఏ అవయవం అన్న జాబితా, ఇవన్నీ ఉన్నచోట అడుగుతారు. అడిగినచోట ఇస్తారు. అడగని రాష్ట్రంలోనూ ఇచ్చే చేతులు ఉండే ఉంటాయి, వాటి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

ఇన్ని తిరిగాక నాకు మిగిలిన అభిప్రాయం ఇది. మనిషి లోపలి దయను కొలుస్తామనే పరీక్షలను నేను నమ్మను. దాన్ని అడ్డుకునేవాటిని కొలవడం మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంది. తొందర, ఇరుకు, పరాయితనం, అలసట, ఎవరూ అడగకపోవడం. ప్రిన్‌స్టన్ గడియారం, చికాగో ఎలుకలు, వార్డులో మూడో ఏడాది, జీవన్‌దాన్ సమన్వయకర్త, అందరూ చెప్పింది అదే. పుట్టుక గురించి కూడా గొడవ పడక్కర్లేదు. విత్తనం కడుపులో ఉంది. మొలవడానికి చోటు కావాలి.

చోటు అన్నాను కాబట్టి పని మాట ఒకటి. 2020 జులైలో ఉస్మానియా పాత భవనంలోకి వర్షపు నీరు, మురుగు చేరాక వార్డులు ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రెండు వేల పడకలంటున్నారు. పడకకు ఒక్కరే తోడు వచ్చినా రాత్రికి రెండు వేల మంది. ఆ నక్షా ఎవరి దగ్గరైనా ఉంటే ఆపరేషన్ థియేటర్ల సంఖ్య తర్వాత చూద్దురు గానీ, ముందు ఈ లెక్క చూడండి: చాప పరుచుకునే వరండా ఎన్ని అడుగులు, రాత్రి పదింటి తర్వాత నీళ్లొచ్చే కుళాయిలు ఎన్ని, ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎన్ని, ఫలానా వార్డు ఎటు అని అడిగితే లేచి వచ్చి దారి చూపేంత తీరిక ఉన్న మనుషులు షిఫ్టుకు ఎంతమంది.